కొత్త టీచర్లు మొదటి రెండు మూడేళ్ళలో నిజంగా నేర్చుకునేది ఏంటి?

ఉద్యోగంలో చేరకముందే ఆ పని ఎలా చేస్తారో వేల గంటలు ఎదురుగా కూర్చుని చూసేసే వృత్తి టీచింగ్. అమెరికన్ సోషియాలజిస్ట్ డాన్ లోర్టీ 1975లో దీన్ని లెక్కగట్టి చెప్పాడు, స్కూల్ చదువు పూర్తయ్యేసరికి ఒక స్టూడెంట్ దాదాపు 13,000 గంటలు టీచర్ల ముందు గడిపి ఉంటాడని. అందుకే ఈ పని మనకి ముందే తెలుసు అనిపిస్తుంది. బోర్డు మీద రాయడం, పాఠం చెప్పడం, ప్రశ్నలడగడం, అల్లరి చేస్తే కేకలేయడం, పేపర్లు దిద్దడం, ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ 13,000 గంటలూ చూసింది బెంచీ మీద కూర్చుని. అక్కణ్ణుంచి టీచర్ ఏం చేస్తున్నారో కనిపిస్తుంది గానీ ఎందుకు చేస్తున్నారో కనిపించదు. ఆ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు, చెయ్యెత్తిన అబ్బాయిని వదిలేసి కిటికీ పక్కనున్న అమ్మాయినే ఎందుకు లేపారు, రాత్రి కూర్చుని ప్లాన్ చేసుకున్నదాంట్లో సగం మధ్యలోనే ఎందుకు వదిలేశారు, ఇవేవీ పిల్లలకి తెలియవు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. కొత్త టీచర్ క్లాసులో కాస్త ఇరుకున పడగానే ట్రైనింగ్‌లో చదివిందంతా పక్కకి పోయి, చిన్నప్పుడు తనకి చెప్పిన టీచర్ మాటలే తన నోట్లోంచి వచ్చేయడానికి కారణం ఇదే.

పైగా ఇక్కడ మెల్లమెల్లగా పని అప్పగించడం అనేది చాలా చోట్ల లేదు. కొత్త డాక్టర్‌కి సీనియర్లు పక్కనే ఉంటారు, కొత్త లాయర్ కొన్నాళ్ళు ఇంకొకరి దగ్గర జూనియర్‌గా పనిచేస్తాడు. కొత్త టీచర్ మాత్రం మొదటి రోజే తలుపు వేసుకుని, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు చేసే పనే, అంతే మంది పిల్లలతో, అంతే సిలబస్‌తో చెయ్యాలి. ఈ దశలో వాళ్ళకి ఏది కష్టంగా ఉంటుందో నెదర్లాండ్స్‌కి చెందిన సైమన్ వీన్‌మన్ 1984లో 83 స్టడీలు పక్కపక్కన పెట్టి చూశాడు. అన్నిటికంటే పైన వచ్చింది క్లాసులో క్రమశిక్షణ, తర్వాత పిల్లల్లో ఆసక్తి పుట్టించడం, ఒకే క్లాసులో వేరువేరు స్థాయిల్లో ఉన్నవాళ్ళతో నెగ్గుకురావడం, వాళ్ళ పనిని అంచనా వేయడం, పేరెంట్స్‌తో మాట్లాడటం. నలభై ఏళ్ళు దాటింది, ఈ రోజు ఏ స్టాఫ్ రూమ్‌లో కొత్తవాళ్ళని అడిగినా ఈ లిస్టు పెద్దగా మారదు.

ఈ లిస్టు వెనకాల ఉన్న విషయం ఇంకోటి ఉంది, నిజానికి అదే ముఖ్యం. ఫ్రాన్సెస్ ఫుల్లర్ అనే రీసెర్చర్ 1969లోనే గమనించింది, మొదట్లో టీచర్ల దిగులంతా తమ గురించే ఉంటుందని. నేను సరిగ్గా చెబుతున్నానా, పిల్లలు నన్ను లెక్కచేస్తున్నారా, హెడ్ మాస్టర్ ఇప్పుడు ఇటు వస్తే ఏమనుకుంటారు. అనుభవం పెరిగేకొద్దీ ఆ దిగులు పిల్లల వైపు మళ్ళుతుంది, వీళ్ళకి ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు, ఈ పిల్ల ఎందుకు రాయట్లేదు అని. మొదటి ఏళ్ళలో నేర్చుకునే చిన్నా పెద్దా పాఠాలన్నీ చాలావరకు ఈ ఒక్క మార్పులోకే వస్తాయి, తన మీద నుంచి చూపు తీసి పిల్లల మీద పెట్టడం. చెప్పడానికి ఇది చాలా తేలిక, కానీ మంచితనం ఉంటే వచ్చేసేది కాదు, పిల్లలంటే ప్రేమ ఉన్నవాళ్ళకి కూడా మొదటి ఏడాది చూపు తమ మీదే ఉంటుంది, ఎందుకంటే బుర్రలో ఖాళీ ఉండదు.

బుర్రలో ఖాళీ ఎందుకుండదో చూద్దాం. ఫిలిప్ జాక్సన్ 1960ల్లో చిన్న క్లాసుల టీచర్లని దగ్గరుండి గమనించి, ఒక టీచర్ రోజుకి పిల్లలతో వెయ్యి సార్ల దాకా మాటా పలుకూ జరపాల్సి వస్తుందని రాశాడు. వెయ్యి అంటే ఒక్కోదానికి, ఆలోచించుకోవడంతో కలిపి, దొరికేది కొన్ని సెకన్లే. పాతబడిన టీచర్‌కి వీటిలో ఎక్కువ భాగం అలవాటుగా జరిగిపోతాయి. కొత్తవాళ్ళకి ప్రతిదీ విడిగా తేల్చుకోవాల్సిన విషయమే, తర్వాత ఏం చెప్పాలి, టైమ్ ఎంతైంది, ఆ వెనక ఇద్దరూ నవ్వుతున్నది నన్ను చూసేనా, మంచినీళ్ళకి వెళ్తానంటున్న పిల్లని పంపాలా వద్దా, బోర్డు మీద రాసిన అక్షరాలు వెనకదాకా కనిపిస్తున్నాయా. డేవిడ్ బెర్లినర్ టీమ్ 1980ల్లో ఒక పని చేసింది, క్లాస్‌రూమ్ ఫొటోలు కొద్ది సేపు చూపించి ఏం కనిపించిందో చెప్పమంది. కొత్తవాళ్ళు కంటికి కనిపించినవి చెప్పారు, ఫలానా రంగు చొక్కా అబ్బాయి, టేబుల్, బోర్డు. అనుభవం ఉన్నవాళ్ళు అక్కడ జరుగుతున్నది చెప్పారు, ఇది గ్రూప్ వర్క్ లాగుంది, ఆ మూల వాళ్ళు పనిలో లేరు అని. ఇద్దరూ చూసింది అదే ఫొటో.

క్రమశిక్షణ దగ్గరికొస్తే, కొత్త టీచర్లకి అందే సలహాల్లో ఎక్కువ భాగం పనికిరానివే అని గట్టిగా చెప్పాలి. మొదటి కొన్ని నెలలు నవ్వొద్దు, మొదటి రోజే భయం పెట్టాలి, ఒకడిని గట్టిగా దులిపితే మిగతావాళ్ళు సర్దుకుంటారు, ఇలాంటివి. దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో దారి ఉంటుంది, పిల్లలతో ఫ్రెండ్‌లా ఉండిపోదాం, వాళ్ళకి నచ్చితే చాలు అని. చూడ్డానికి ఇవి రెండూ ఎదురెదురు దారులు గానీ రెండిట్లోనూ ప్రశ్న ఒకటే, పిల్లలు నా గురించి ఏమనుకుంటున్నారు అని. జేకబ్ కూనిన్ అనే సైకాలజిస్ట్ క్లాసుల్ని వీడియో తీసి ఏళ్ళ తరబడి చూశాడు, అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలిస్తే క్లాసు దారికొస్తుందో తేల్చాలని. 1970లో అతను చెప్పింది ఏంటంటే, బాగా నడిచే క్లాసుకీ గందరగోళంగా నడిచే క్లాసుకీ మందలించే పద్ధతిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. తేడా అంతా అల్లరి మొదలవ్వకముందే ఉంది. బాగా నడిపే టీచర్‌కి క్లాసులో ఏ మూల ఏం జరుగుతుందో తెలుసు, తెలుసన్న సంగతి పిల్లలకీ తెలుసు. ఒకరి నోట్ బుక్ చూస్తూనే ఇంకోవైపు కన్నేసి ఉంచడం వచ్చు. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు పాఠం తెగిపోదు.

ఈ మారే సమయమే కొత్త టీచర్లకి చాలా చోట్ల దెబ్బకొట్టేది. ఒక చిన్న సందర్భం చూడండి. టీచర్ అంటారు, సరే ఇప్పుడు నలుగురు నలుగురు గ్రూపులుగా కూర్చోండి, 42వ పేజీలో రెండో లెక్క చెయ్యాలి, ఒక్కరే రాయండి, పది నిమిషాలు టైమ్, రాసేవాళ్ళు పెన్సిల్‌తోనే రాయాలి. మొదటి మాట పూర్తవగానే క్లాసు లేచిపోయింది, బెంచీలు జరుగుతున్నాయి, నేను నీతో ఉంటా నువ్వు రావద్దు అనే గొడవ మొదలైంది, పేజీ నంబర్ విన్నవాళ్ళు నలుగురో అయిదుగురో. ఒకడు వచ్చి ఏ పేజీ అంటాడు, ఇంకొకరు వచ్చి అందరం రాయాలా అంటారు, మూడో ఆమె మా గ్రూపులో ముగ్గురమే ఉన్నాం టీచర్ అంటుంది. టీచర్ ఒక్కొక్కళ్ళకీ జవాబు చెబుతూ ఉంటే మిగతా ముప్పై మందీ ఖాళీ. ఖాళీగా ఉన్న పిల్లలు ఏం చేస్తారో అదే చేస్తారు. అయిదు నిమిషాలకి టీచర్ గొంతు లేస్తుంది, ఈ క్లాసుకి గ్రూప్ వర్క్ పనికిరాదు అనే నిర్ణయానికి వచ్చేస్తారు, సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో పిల్లలు బొత్తిగా మాట వినట్లేదు అని బాధపడతారు.

ఇక్కడ పిల్లల తప్పు దాదాపు ఏమీ లేదు. రెండు మూడేళ్ళు గడిచాక అదే టీచర్ ఏం చేస్తారంటే, కదలడానికి ముందే అన్నీ చెప్పేస్తారు. పేజీ నంబర్, లెక్క నంబర్, టైమ్ బోర్డు మీద రాసి ఉంచుతారు. ఎవరు ఎవరితోనో ముందే తేల్చేసి ఉంటారు, నలుగురు రాకపోతే ముగ్గురు ఫర్లేదని కూడా చెప్పేస్తారు. ఏం చెయ్యాలో ఒకరి చేత తిరిగి చెప్పిస్తారు. అప్పుడు మాత్రమే లేవమంటారు, లేచాక కొంతసేపు ఎవరికీ విడిగా జవాబు చెప్పకుండా నిలబడి క్లాసు మొత్తాన్ని చూస్తారు. ఈ చివరిది చాలా కష్టం, ఎవరైనా వచ్చి అడిగితే చెప్పకుండా ఉండటం కొత్తవాళ్ళకి మనసొప్పదు, కానీ ఆ కొద్దిసేపు నిలబడి చూడటమే మిగతా పది నిమిషాల్ని కాపాడుతుంది. ఇందులో అధికారం గానీ వ్యక్తిత్వం గానీ ఏమీ లేదు, ఏ మాట ముందు ఏ మాట వెనక అనేదే ఉంది. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ 2018లో టీచర్ల మీద చేసిన పెద్ద సర్వేలో, సభ్య దేశాల సగటున క్లాస్ టైమ్‌లో 78 శాతమే అసలు బోధనకి పోతోందని తేలింది, మిగతాది హాజరు లాంటి పనులకీ, క్లాసుని అదుపులో పెట్టడానికీ పోతోంది.

బెదిరింపుల గురించి కూడా ఒక మాట. ఇంకొక్కసారి చప్పుడు వినిపిస్తే అందరూ గంట సేపు నిలబడాలి అని అనేస్తారు, చప్పుడు వస్తుంది, నిలబెట్టలేరు. చెయ్యలేనిది అనకూడదు అనే పాఠం ఎవరికైనా రెండు మూడుసార్లు ఇలా జరిగాకే వస్తుంది. ఇంకా నష్టం చేసేది ఒకరి తప్పుకి అందరినీ శిక్షించడం, ఏ తప్పూ చెయ్యని ఇరవై అయిదు మంది ఆ రోజు టీచర్ మీద నమ్మకం పోగొట్టుకుంటారు, ఆ నమ్మకం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అలాగే ఒక పెద్ద పిల్లాణ్ణి అందరి ముందూ నిలదీస్తే వాడికి తోటివాళ్ళ ముందు పరువు నిలబెట్టుకోవడమే ముఖ్యమైపోతుంది, తిరిగి మాట్లాడక తప్పదు. అదే మాట పక్కకి వెళ్ళి మెల్లగా చెబితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

ఇక పాఠం చెప్పడం. ఇక్కడ కొత్త టీచర్లకి ఎదురయ్యే పెద్ద అడ్డంకి తెలియకపోవడం కంటే తెలిసి ఉండటమే. ఎలిజబెత్ న్యూటన్ అనే స్టూడెంట్ 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేసింది. కొంతమంది అందరికీ తెలిసిన పాటల్ని టేబుల్ మీద వేళ్ళతో దరువేయాలి, ఎదుటివాళ్ళు అది ఏ పాటో చెప్పాలి. దరువేసినవాళ్ళు సగం మంది కనిపెట్టేస్తారు అనుకున్నారు. తీరా 120 పాటల్లో 3 మాత్రమే కనిపెట్టగలిగారు. దరువేసే మనిషి తలలో పాట మొత్తం వినిపిస్తూ ఉంటుంది, ఎదుటివాళ్ళకి వినిపించేది టకటక శబ్దమే. సబ్జెక్ట్ బాగా వచ్చిన కొత్త టీచర్ పాఠం చాలావరకు ఇలాగే ఉంటుంది. తనకి ఎప్పుడో అలవాటైపోయిన మూడు మెట్లు ఒకే మాటలో దాటేస్తారు, దాటేశానన్న సంగతి కూడా తెలియదు.

దశాంశాలు చెప్పే క్లాసు తీసుకుందాం. టీచర్ బాగా వివరించారు, బోర్డు మీద ఉదాహరణలు చేశారు, అర్థమైందా అన్నారు, అర్థమైంది టీచర్ అని క్లాసు మొత్తం ఒక్క గొంతుతో అంది. ఇప్పుడు 0.35, 0.6 రాసి ఏది పెద్దది అని ఒక్కొక్కళ్ళనీ కాగితం మీద రాయమంటే కొంతమంది 0.35 అని రాస్తారు. వాళ్ళ లెక్కలో 35 అనేది 6 కంటే పెద్దది కదా. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, ఇన్నాళ్ళూ పూర్ణ సంఖ్యల్లో పనిచేసిన రూలునే వాళ్ళు బుద్ధిగా ఇక్కడా వాడుతున్నారు. ఇంకా ఆసక్తికరమైనది ఏంటంటే 0.6 అని సరిగ్గా రాసినవాళ్ళలో కూడా కొందరికి అర్థం కాలేదు. వాళ్ళు ఏమనుకుంటున్నారంటే పాయింట్ తర్వాత అంకెలు తక్కువుంటే పదో వంతులు, ఎక్కువుంటే వందో వంతులు, వందో వంతులు చిన్నవి కాబట్టి పొట్టిగా ఉన్న నంబరే ఎప్పుడూ పెద్దది అని. వీళ్ళు బయటపడాలంటే 0.6, 0.75 కూడా ఇవ్వాలి, అప్పుడు వీళ్ళు 0.6 అంటారు, మొదటి రకం వాళ్ళు 0.75 అని సరిగ్గా చెప్పేస్తారు. అంటే రెండు జతలూ ఇస్తేనే ఎవరి తలలో ఏముందో తెలుస్తుంది, ఒక్క జత ఇస్తే ఏదో ఒక రకం వాళ్ళు రైట్ కొట్టించుకుని వెళ్ళిపోతారు. అర్థమైందా అనే ప్రశ్నకి వచ్చే జవాబు వల్ల టీచర్‌కి ఏ సమాచారమూ రాదు. ఏ ప్రశ్న అడిగితే తప్పు ఆలోచన పైకి తేలుతుందో తెలియడం, ఇది పుస్తకంలో దొరికే సబ్జెక్ట్ నాలెడ్జ్ కాదు, కేవలం వివరించే టాలెంటూ కాదు. పిల్లల తప్పుల్ని ఓపిగ్గా చదివినవాళ్ళకే వస్తుంది, టీచింగ్‌లో ఉన్న నిజమైన నైపుణ్యం చాలావరకు ఇక్కడే ఉంది.

ప్రశ్న అడిగాక ఆగడం అనేది ఇంకో సంగతి. మేరీ బడ్ రో 1970ల్లో సైన్స్ క్లాసుల రికార్డింగులు విని, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించింది. ఆ సెకనులో జవాబు రాకపోతే ప్రశ్న మార్చేస్తారు, లేదంటే ఇంకొకర్ని లేపుతారు, లేదంటే తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు ఆగడం అలవాటు చేస్తే జవాబులు పెద్దవయ్యాయి, తెలియదు అనేవాళ్ళు తగ్గారు, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. పిల్లలు జవాబు చెప్పాక కూడా వెంటనే గుడ్ అనేయకుండా కాసేపు ఆగితే వాళ్ళే దాన్ని సాగదీస్తారని కూడా ఆమె గమనించింది. మూడు సెకన్లు అంటే ఏముంది అనిపిస్తుంది గానీ, ముప్పై జతల కళ్ళు చూస్తుండగా ఆ నిశ్శబ్దంలో నిలబడటం కొత్త టీచర్‌కి చాలా బరువు, ఆ నిశ్శబ్దం అంతా తన వైఫల్యంలాగా వినిపిస్తుంది. పిల్లలు ఆలోచిస్తున్నారని నమ్మడం మొదలుపెట్టాకే ఆగడం వస్తుంది.

చెప్పేశాం కదా, మళ్ళీ ఎందుకు మర్చిపోయారు అనేది మొదటి ఏడాది అందరికీ వచ్చే కోపం. గత నెల చక్కగా చేసిన లెక్క ఈ నెల కొత్తగా చూసినట్టు చూస్తారు. మర్చిపోవడం పిల్లల బద్ధకం కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అంత. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో చూపించింది ఇది: ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్ట్‌లో ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత చూస్తే, చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అందుకే అనుభవం ఉన్న టీచర్లు చాలామంది పీరియడ్ మొదట్లో నిన్నటిదీ, గత వారానిదీ, గత నెలదీ ఒక్కో ప్రశ్న అడిగి, మార్కులు వెయ్యకుండా, అయిదు నిమిషాల్లో ముగించేస్తారు. సిలబస్ వెనకబడిపోతుందనే భయంతో కొత్తవాళ్ళు ముందు వదిలేసేది దీన్నే.

దిద్దడం దగ్గర మంచి మనసున్న కొత్త టీచర్లే ఎక్కువ నలిగిపోతారు. ప్రతి నోట్ బుక్‌లో ప్రతి తప్పూ ఎర్ర సిరాతో సరిచేసి, కింద మార్కు వేసి, నాలుగు వాక్యాలు రాసి, అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. పొద్దున పుస్తకం ఇవ్వగానే పిల్లలు మార్కు చూసి, పక్కవాడి మార్కు చూసి, మూసేస్తారు. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ స్కూళ్ళలో దీన్నే పరీక్షించింది, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. రెండూ అందుకున్నవాళ్ళకి ఆ వ్యాఖ్యల వల్ల లాభం లేకుండా పోయింది. ఇది తెలిశాక టీచర్లు చేసే మార్పు చిన్నదే, అన్నీ దిద్దకుండా ఒక్క విషయం మీద రాసి, ఆ ఒక్కటీ సరిచేయడానికి మర్నాడు క్లాసులోనే పది నిమిషాలు ఇవ్వడం. టీచర్ గంట కష్టపడి రాసినదాన్ని స్టూడెంట్ ఒక్క నిమిషం కూడా పట్టించుకోకపోతే ఆ గంట ఎవరికీ పనికిరాలేదు.

పేరెంట్స్ విషయంలో చెప్పుకోవాల్సింది ఒక్కటే, మొదటి ఫోన్ ఫిర్యాదుతో మొదలవ్వకూడదు. స్కూల్ నుంచి ఫోన్ అనగానే గుండె జారే ఇళ్ళు చాలా ఉంటాయి. మీ పాప ఈ రోజు అడిగిన ప్రశ్న బాగుంది అని ఒక్కసారి చెప్పిన టీచర్, రెండు నెలల తర్వాత కష్టమైన మాట చెప్పినా వాళ్ళు వింటారు.

వీటన్నిటి మధ్యలో కొత్త టీచర్ మనసు ఎలా ఉంటుందనేది విడిగా చూడాల్సిన విషయం. కాలిఫోర్నియాలో కొత్త టీచర్లతో పనిచేసిన ఎలెన్ మోయిర్ 1990లో మొదటి ఏడాదిని దశలుగా చెప్పింది, ముందు ఉత్సాహం, కొన్ని వారాలకే ఎలాగోలా రోజు గడిస్తే చాలు అనే స్థితి, తర్వాత నాకు ఈ పని రాదేమో అనే కుంగుబాటు, సెలవుల తర్వాత కాస్త తేరుకోవడం, చివర్లో వెనక్కి తిరిగి చూసుకోవడం. మధ్యలో వచ్చే ఆ కుంగుబాటు దశలో చాలామంది అది తమ ఒక్కరికే వచ్చిందనుకుంటారు, పక్క క్లాసు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ టీచర్‌కి ఏ కష్టమూ లేదనుకుంటారు, అడిగితే చేతకాదనుకుంటారేమో అని అడగరు. ఒంటికి వచ్చే ఇబ్బందులు కూడా తక్కువేం కాదు. అమెరికాలో 2004లో వచ్చిన ఒక స్టడీలో, ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందని చెప్పినవాళ్ళు టీచర్లలో 57.7 శాతం, ఇతర వృత్తుల వాళ్ళలో 28.8 శాతం. క్లాసు చప్పుడు మీదుగా అరవకుండా, నిశ్శబ్దం అయ్యేదాకా ఆగి మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళు క్లాసుతో పాటు గొంతునీ కాపాడుకుంటారు.

అమెరికాలో ఈ విషయం మీద ఎక్కువ కాలం పనిచేసిన రిచర్డ్ ఇంగర్సాల్ లెక్కల ప్రకారం కొత్తగా చేరినవాళ్ళలో 40 నుంచి 50 శాతం మంది అయిదేళ్ళలోపే టీచింగ్ వదిలేస్తున్నారు. వీళ్ళందరూ పనికిరానివాళ్ళు కాదు. టీచర్ల పనితీరు బాగా పెరిగేది మొదటి కొన్నేళ్ళలోనే అని ఎన్నో స్టడీల్లో వచ్చింది, అంటే కష్టపడి నేర్చుకున్నది అక్కరకొచ్చే సమయానికి మనిషి వెళ్ళిపోతున్నారు, నష్టపోయేది పిల్లలు.

స్కూళ్ళు ఈ విషయంలో చేసే తప్పు చాలా పెద్దది, దాన్ని ఆచారంలాగా నడిపించేస్తున్నారు. అందరూ వద్దన్న సెక్షన్, ఎక్కువ మంది ఉన్న క్లాసు, ఎవరూ తీసుకోని డ్యూటీలు, ఖాళీ పీరియడ్లు తక్కువున్న టైమ్ టేబుల్, ఇవన్నీ కొత్తగా వచ్చినవాళ్ళకి తగిలిస్తారు, మేం కూడా ఇలాగే మొదలుపెట్టాం అంటారు. బుర్రలో ఖాళీ లేని మనిషికి ఇంకా బరువు పెట్టి, చూపు పిల్లల మీదకి మళ్ళలేదేంటి అని అడిగితే ఎలా. ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొత్త టీచర్లకి రెండేళ్ళ ఇండక్షన్, అంటే సాయం అందిస్తూ పనిలో కుదురుకోనిచ్చే కాలం, పెట్టారు, దాంట్లో మొదటి ఏడాది టైమ్ టేబుల్‌లో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గిస్తారు, ఒక మెంటర్‌ని, అంటే పక్కనుండి దారి చూపే సీనియర్ టీచర్‌ని, ఇస్తారు. అందరికీ ఇలా దొరకట్లేదు, 2018 ఓఈసీడీ సర్వేలో సభ్య దేశాల్లో కొత్త టీచర్లలో సగటున 22 శాతం మందికే మెంటర్ ఉన్నారు. స్కూల్ వాతావరణం ఎంత తేడా తెస్తుందో మాథ్యూ క్రాఫ్ట్, జాన్ పపే 2014లో లెక్కగట్టారు, తోటివాళ్ళ సహకారం, హెడ్ సపోర్టు బాగున్న స్కూళ్ళలోని టీచర్లు, అవి అంతగా లేని స్కూళ్ళలోని వాళ్ళకంటే పదేళ్ళలో 38 శాతం ఎక్కువ మెరుగుపడ్డారు. అనుభవం ఏళ్ళు గడిస్తే దానంతటదే వచ్చేది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఒకే తప్పుని ఎవరూ చూపించకపోతే ఇరవై ఏళ్ళు చేస్తూ పోవచ్చు.

మెంటర్ అంటే వెనక బెంచీలో కూర్చుని ఫారంలో టిక్కులు పెట్టే మనిషి అయితే ఏ ఉపయోగమూ లేదు, అలాంటి అబ్జర్వేషన్ కొత్త టీచర్ చూపుని మళ్ళీ తన మీదకే తిప్పేస్తుంది. పనికొచ్చే మెంటర్ పిల్లల్ని చూస్తారు. ఇవాళ నేను నలుగురు పిల్లల్నే గమనిస్తా, ఆ నలుగురూ పీరియడ్‌లో ఏం చేశారో చెబుతా అంటారు. క్లాసయ్యాక, నువ్వు రెండో ఉదాహరణ చెబుతున్నప్పుడు మూడో వరసలో పిల్ల మొదటి ఉదాహరణే ఇంకా కాపీ చేసుకుంటోంది, నువ్వు వేసిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ముందు రెండు వరసలకే వెళ్ళాయి, గ్రూపులు అన్నాక పేజీ నంబర్ చెప్పావు అని చెబుతారు. బాగుంది, బాగాలేదు అనే మాటలు రావు. ఒకటో రెండో విషయాలు, వచ్చే వారం మార్చి చూడగలిగినవి. అలాగే తలుపు తెరిచి తన క్లాసులో కూడా వచ్చి కూర్చోమంటారు, తన పాఠం కూడా కొన్నిసార్లు దారి తప్పుతుందని, తప్పినప్పుడు మధ్యలో ఆగి పిల్లల్ని ఏమడుగుతారో చూపిస్తారు. కొత్త టీచర్‌కి 13,000 గంటల్లో ఒక్కసారి కూడా కనిపించనిది ఇదే, బోర్డు దగ్గర నిలబడిన మనిషి ఆ క్షణంలో ఏం ఆలోచించి ఆగారు అనేది, అది క్లాసయ్యాక పక్కన కూర్చుని ఎవరో ఒకరు నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.